నా బల్ల మీద బతికింది, వాళ్ల కొట్టులో చచ్చింది

అంబాజీపేటలోని ఒక కొబ్బరి కొట్టు కంప్యూటర్ ఇది. రెండుసార్లు గోనెసంచి చుట్టుకుని ఆటోలో అమలాపురంలోని నా దుకాణానికి వచ్చింది. రెండుసార్లూ నా బల్ల మీద మొదటి నొక్కుకే లేచింది. రెండుసార్లూ నేను ఏదో ఒకటి బాగుచేసి, డబ్బు తీసుకుని పంపాను. మూడోసారి దాన్ని తీసుకురావద్దని చెప్పి నేనే బండి తీశాను. అసలు జబ్బు అప్పుడు దొరికింది. అంతకుముందు నేను చేసిన రెండు మరమ్మతులకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

యంత్రం సుమారు పదేళ్ల పాతది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఒకే ముక్క, పైన 450 వాట్లని రాసి ఉన్న చవక ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె. కొట్టు లెక్కలు రాయడం, బిల్లులు తీయడం, ఎలక్ట్రానిక్ కాటా నుంచి తూకం అందుకోవడం దాని పని. కోనసీమ వ్యాపారం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కురిడీకీ, అంటే చిప్పలోనే ఎండిన కాయకూ, పచ్చి కాయకూ బేరం వెయ్యి కాయల లెక్కన సాగుతుంది, ఎండు కొబ్బరికి మాత్రం క్వింటాళ్ల లెక్క. కాబట్టి కొబ్బరి వచ్చిన పూటే కాటాకు పని. కొబ్బరి ఎండాలంటే ఎండ కావాలి కనుక, ముసురు పట్టిన వారంలో కాటా ఖాళీగా ఉంటుంది. నా రెండు మరమ్మతులకూ మంచి పేరు తెచ్చింది ఆ ముసురే.

శ్రావణంలో ఒక ఉదయం యజమాని ఫోను చేశారు. అరవై దాటిన మనిషి, నన్ను బాబూ అంటారు, నేను బాబాయి గారూ అంటాను.

"బాబూ, కంప్యూటర్ ఆన్ కావడం లేదు."

"ఫ్యాను తిరుగుతోందా బాబాయి గారూ? ఎక్కడైనా లైటు వెలుగుతోందా?"

"ఏదీ లేదు. కట్టెలా ఉంది."

ఈ ప్రశ్న అడగకుండా నేను స్క్రూడ్రైవరు ముట్టుకోను. ఆన్ కావడం లేదు అనే ఒక్క మాట కింద వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే ర్యామ్ వైపు, తెర తీగ వైపు చూడాలి. లేచి రెండు క్షణాల్లో ఆరిపోతే ఎక్కడో షార్టు ఉండాలి, లేదా ప్రాసెసర్ మీది ఫ్యాను వదులై ఉండాలి. ప్రాసెసర్ పక్కన గుచ్చే 12 వోల్టుల తీగ ఊడితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద బొమ్మ రాదు. అసలు చలనమే లేకపోతే గోడ సాకెట్టు నుంచి మదర్‌బోర్డు దాకా ఉన్న కరెంటు దారి చూడాలి. కట్టెలా ఉంది అన్నారు కాబట్టి ఇది చివరి రకం.

ఫోను పెట్టేసే ముందు ఆయన మరో మాట అన్నారు. "కాటా వేసిన రోజుల్లోనే ఇలా మొరాయిస్తోంది బాబూ."

ఆ మాట విన్నాను, కానీ నాకు అనువుగా విన్నాను. కొట్టు పక్కనే పీచు మిల్లు ఉంది. ఎండ కాసిన రోజున కాటా నడుస్తుంది, మిల్లూ నడుస్తుంది. పెద్ద మోటారు లేచినప్పుడల్లా ఆ వీధిలో వోల్టేజి కుంగుతుంది. కారణం అదే అయి ఉంటుందని మనసులో తీర్పు రాసేసుకున్నాను. పదిహేనేళ్లు ఒకే పని చేస్తే వచ్చే తెగులు ఇది. ఎదుటివాళ్లు లక్షణం చెబుతుండగానే మనకు మందు గుర్తుకొస్తుంది.

మొదటిసారి బల్ల మీద పెట్టి మూత తీస్తే లోపల ధూళి కన్నా పీచే ఎక్కువ ఉంది. ప్రాసెసర్ ఫ్యాను రెక్కల మధ్య పిచ్చుక గూడు పెట్టినట్టు చుట్టుకుంది. ప్లగ్గు పెట్టి బటన్ నొక్కాను, లేచింది. ఆపి మళ్లీ నొక్కాను, మళ్లీ లేచింది. ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, తిరిగి బిగించాను. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ బిళ్ల 2.7 వోల్టులు చూపిస్తే మార్చాను. గంటసేపు నడిపి, 300 రూపాయలు తీసుకుని పంపాను. ఏం లోపమని అడిగితే "ర్యామ్ అండీ, మన తేమకు ఇలా అవుతూ ఉంటుంది" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు, మన తేమకు అలా అవుతూనే ఉంటుంది. ఈ యంత్రానికి మాత్రం అలా కాలేదు. ర్యామ్ పళ్లకు మురికి పడితే ఫ్యాన్లు తిరుగుతాయి, బోర్డు బీప్ అంటుంది, తెర మీద బొమ్మ రాదు. యంత్రం కట్టెలా పడి ఉండదు. నాకు తెలిసిన ఆ ముక్కను ఆ రోజు నేనే పక్కకు నెట్టాను.

ఎనిమిది రోజులు నడిచింది. ఆ ఎనిమిది రోజులూ వర్షం.

రెండోసారి వచ్చినప్పుడు కొంచెం బుద్ధి తెచ్చుకుని మీటరు పట్టుకున్నాను. ఆ అంకెలు అర్థం కావాలంటే బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో తెలియాలి. పాతకాలపు ఏటీ రకం కంప్యూటర్లలో ముందున్న స్విచ్చు నేరుగా 230 వోల్టులనే కలిపేది, తెంచేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక ఆ ఏర్పాటు పోయింది. ఇప్పుడు బటన్ కరెంటును కలపదు, అర్జీ పెడుతుంది. అర్జీ అందుకోవడానికి లోపల ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా. మన కాలువ లాకుల దగ్గర తలుపులు మూసి ఉన్నా లస్కరు అక్కడే కాపలా ఉన్నట్టు, కంప్యూటర్ ఆగి ఉన్నా ఎస్‌ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం పనిచేస్తూ ఉంటుంది. అది ఊదా రంగు తీగ మీద 5 వోల్టులు పంపుతూ ఉంటుంది. దాన్నే స్టాండ్‌బై అంటాం. మనం బటన్ నొక్కగానే, ఆ స్టాండ్‌బై మీద మేలుకుని ఉన్న మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను నేలకు, అంటే సున్నా వోల్టులకు, లాగుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ అసలు తలుపులు ఎత్తుతుంది. పసుపు మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వోల్టులు వస్తాయి. అన్నీ కుదుటపడ్డాక బూడిద రంగు తీగ మీద అంతా సవ్యం అని కబురు పంపుతుంది. అది అందాకే ప్రాసెసర్ కదులుతుంది.

అంటే చలనం లేని యంత్రంలో మొదట చూడవలసింది ఊదా తీగ. అక్కడ 5 వోల్టులు లేకపోతే బటన్‌ను ఎన్నిసార్లు నొక్కినా పలికేవారు ఉండరు.

నా బల్ల మీద ఊదా తీగ 4.79 చూపింది. ప్రమాణం ప్రకారం 5 శాతం అటూ ఇటూ సమ్మతమే, కనుక 4.75 దాకా దోషం కాదు. 12 వోల్టుల తీగ 11.5 దగ్గర ఉంది. దాని హద్దు 11.4. అన్నీ గట్టు లోపలే ఉన్నాయి, కానీ గట్టును ఒరుసుకుంటూ ఉన్నాయి. పేపర్ క్లిప్పుతో ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపే పరీక్ష కూడా చేశాను, ఫ్యాను తిరిగింది. ఆ పరీక్షను చాలామంది వేదవాక్కుగా తీసుకుంటారు. దానివల్ల తెలిసేది ఎస్‌ఎంపీఎస్ బరువు లేకుండా, అంటే కరెంటు లాగేది ఏదీ లేకుండా, లేవగలదని మాత్రమే, బరువు మోయగలదని కాదు. ఖాళీ బండిని ఏ ఎద్దైనా లాగుతుంది.

ఎస్‌ఎంపీఎస్ జాలీలోంచి టార్చి వేసి చూస్తే, కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్ ఒకదాని నెత్తి కొద్దిగా ఉబ్బి కనిపించింది. ఇక అనుమానమేముంది అనుకున్నాను. తక్కువ వోల్టేజి, పాతబడ్డ ఎస్‌ఎంపీఎస్, ఉబ్బిన కెపాసిటర్, మిల్లు మోటారు, అన్నీ ఒకదానికొకటి చక్కగా అతికాయి. కొత్త ఎస్‌ఎంపీఎస్ వేశాను, 1,200 రూపాయలు. ఊదా తీగ మీద 5.08 వచ్చింది. నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను విప్పి కెపాసిటర్ మార్చవచ్చు కదా అని కొందరు అడుగుతారు. లోపలి పెద్ద కెపాసిటర్ల మీద 230 వోల్టుల కరెంటు చదును అయ్యాక సుమారు 325 వోల్టుల డీసీగా నిలిచి ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు పోదు. దాన్ని ఖాళీ చేయడం తెలియనివాళ్లు ఆ నాలుగు మరలు విప్పకూడదు. తెలిసిన నేనే ఇప్పుడు విప్పడం మానేశాను.

మూడోసారి ఫోను రావడానికి నాలుగు రోజులు పట్టింది. ముసురు విడిచిన రెండో రోజది. ఆయన గొంతులో కోపం లేదు. "బాబూ, దీనికి మీ ఊరి గాలి పడినట్టుంది. అక్కడే ఉంచేసుకో" అన్నారు. ఆ మాటకు నవ్వాను, ఫోను పెట్టేశాక నవ్వు ఆగింది. రెండుసార్లు నా దగ్గర లేచి, రెండుసార్లు అక్కడ పడుకుందంటే రెండు చోట్లకూ తేడా ఏమిటి? నా దగ్గరకు వచ్చేది పెట్టె ఒక్కటే. దాని చుట్టూ ఉన్నదంతా, గోడ సాకెట్టు, జంక్షన్ బాక్సు, తెర, కీబోర్డు, ప్రింటరు, అన్నీ అక్కడే ఉండిపోతున్నాయి.

మీటరు, టెస్టరు, దుకాణంలో మంచిదని తేలిన ఒక ఎస్‌ఎంపీఎస్, ఒక కొత్త పవర్ తీగ సంచిలో వేసుకుని బయలుదేరాను. దారిలో అనుమానాల జాబితా వేసుకున్నాను. డెల్టాలో తిరిగే మెకానిక్‌కు ఆ జాబితా పుస్తకాల్లో ఉన్నట్టు ఉండదు. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే పెట్టెల్లో ఉప్పుగాలికి మరలే తుప్పు పట్టి విరుగుతాయి, ముందు బటన్ తీగ పిన్నులు పచ్చబారి ఉంటాయి. చీమలు బటన్ వెనుక గుడ్లు పెట్టి దాన్ని నొక్కినట్టే ఉంచేస్తాయి. అలాంటప్పుడు బటన్ తీగ పీకి, బోర్డు మీది ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం కలిపితే యంత్రం లేస్తుంది, తప్పు బటన్‌దేనని తేలిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ వెచ్చదనానికి దూరిన బల్లి తాను పోతూ దాన్నీ తీసుకుపోతుంది. వరదలో తడిసిన యంత్రాన్ని ఆరిందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టి తగలబెట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. ఆ రోజు నా జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. దొరికింది మాత్రం వీటిలో లేదు.

కొట్టు అంటే పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క కాయల రాశి, ఒక పక్క డొక్కల గుట్ట, మధ్యలో కాటా. ఒక మూల చెక్క గదిలో కంప్యూటర్, దాని ముందు లెక్కలు రాసే అమ్మాయి. కాయల నీళ్ల పులిసిన వాసన తలుపు దగ్గరే ఎదురొస్తుంది. బటన్ నొక్కాను. నిజంగానే కట్టె.

మొదట గోడ. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 211 వోల్టులు. పక్కన మిల్లు మోటారు లేచినప్పుడు 192కు దిగి, మళ్లీ 205కు వచ్చింది. కొత్త ఎస్‌ఎంపీఎస్ మీద 180 నుంచి 265 దాకా అని రాసి ఉంది. నేను తెచ్చిన మంచి ఎస్‌ఎంపీఎస్‌ను అదే సాకెట్టులో విడిగా పెట్టి, మిల్లు నడుస్తుండగా ఊదా తీగ చూశాను, నిబ్బరంగా 5.1. మూడు వారాలుగా నేను మోసుకుతిరిగిన మిల్లు సిద్ధాంతం అక్కడే పోయింది.

రెండో కొలత వేరే కథ చెప్పింది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య నూటచిల్లర, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కూడా నూటచిల్లర. ఇలా సగం సగం పంచుకున్నట్టు కనిపించిందంటే ఎర్తు గాలిలో వేలాడుతోందన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి పెట్టె ఒంటికి చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్తు నిజంగా ఉంటే అవి చేరవేసే అల్ప కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే పెట్టె ఒళ్లంతా సగం వోల్టేజి పరుచుకుంటుంది. టెస్టరు పెడితే మరల మీద గుడ్డిదీపంలా వెలిగింది. "చేతికి చిమచిమలాడుతుందండీ, అలవాటైపోయింది" అంది ఆ అమ్మాయి. అలవాటు పడవలసిన విషయం కాదమ్మా అని చెప్పి చీటీ మీద రాసుకున్నాను. అది సరిచేయవలసిందే, కానీ ఎర్తు లేనంత మాత్రాన కంప్యూటర్ లేవకుండా పోదు. ఒక తప్పు కనిపించింది కదా అని అక్కడే ఆగిపోతే మూడోసారి కూడా మోసపోయేవాడిని.

పక్క మూత తీశాను. మదర్‌బోర్డు మీద ఆకుపచ్చ చుక్క దీపం ఒకటి ఉంటుంది, స్టాండ్‌బై ఉన్నంతసేపు వెలుగుతుంది. అది ఆరి ఉంది. తేరిపార చూస్తే పూర్తిగా ఆరలేదు, క్షణానికి ఒకసారి మిణుగురులా మినుక్కుమంటోంది. చెవి దగ్గర పెడితే ఎస్‌ఎంపీఎస్ నుంచి సన్నగా టిక్, టిక్ అని వినిపిస్తోంది. 24 పిన్నుల ప్లగ్గు వెనుక నుంచి మీటరు ముల్లు దూర్చి ఊదా తీగ చూశాను. 0.4, 1.1, 0.6. ఒక చోట నిలవడం లేదు.

నా బల్ల మీద 5.08 ఇచ్చిన సరుకు ఇది. గోడ ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, 24 పిన్నుల ప్లగ్గును బోర్డు నుంచి పీకి, మళ్లీ కరెంటు ఇచ్చాను. ఊదా తీగ 5.08. అంటే ఎస్‌ఎంపీఎస్ నిక్షేపంగా ఉంది, ఎవరో దాని కాళ్లు పట్టి కిందకు లాగుతున్నారు. ఆ లాగేది బోర్డు కావాలి, లేదా బోర్డుకు వేలాడుతున్నది ఏదైనా కావాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెబుతాను. ఇలాంటప్పుడు వెనుక తీగలన్నీ ఒక్క గుంజుకు పీకేసి, యంత్రం లేవగానే ఊపిరి పీల్చుకుని, మళ్లీ అన్నీ పెట్టేసి వెళ్లిపోయేవాళ్లను చూశాను. నేను నా బల్ల మీద రెండుసార్లు చేసింది కూడా తెలియకుండా అదే. ఎవరు దొంగో తెలియాలంటే ఒక్కొక్కరినే గది బయటకు పంపాలి. తెర తీగ తీశాను, దీపం మినుకుతూనే ఉంది. కీబోర్డు తీశాను, అంతే. మౌసు, అంతే. ప్రింటరు, అంతే. వాటి పక్కన ఒక నల్ల యూఎస్‌బీ తీగ టేబులు వెనుక నుంచి చెక్కగోడ కన్నం గుండా బయటకు పోతోంది. దాన్ని తీయగానే టిక్కు టిక్కు ఆగింది, ఆకుపచ్చ దీపం నిండుగా వెలిగింది. మళ్లీ గుచ్చాను, ఆరింది. తీశాను, వెలిగింది. నాలుగుసార్లు చేశాను. చివరి రెండుసార్లు అవసరం లేదు, ముచ్చటకు చేశాను.

"అది దేని తీగమ్మా?"

"కాటాదండీ."

తీగ పట్టుకుని వెళ్లాను. చెక్కగోడ దాటి, నేల మీద పీచు కింద దాక్కుంటూ, కాటా వేదిక చట్రం కిందకు దూరింది. వేదిక మీద నిన్నటి కొబ్బరి బస్తాలు నాలుగు, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. సాయంత్రం తూచిన ఆఖరు బస్తాలను తెల్లవారి లారీకి ఎత్తుతారట, రాత్రంతా కాటా మీదే ఉంటాయట. కంప్యూటర్ చివరనున్న యూఎస్‌బీ ప్లగ్గులో ఎరుపు తీగకు, నల్ల తీగకు చేరే రెండు కొసలకు మీటరు ముళ్లు ఆనించి, బీప్ చేసే చోట పెట్టాను. ఆగకుండా అరిచింది. 0.9 ఓము. ఆ రెండు తీగల మధ్య 5 వోల్టులు ఉండాలి, ఇక్కడ అవి ఒకదానినొకటి కౌగిలించుకుని ఉన్నాయి.

"ఒక బస్తా దించండి" అన్నాను. కుర్రవాడు దించాడు. మీటరు అరుస్తూనే ఉంది. రెండోది దించాడు, అరుస్తోంది. మూడో బస్తా భుజానికి ఎత్తగానే మీటరు నోరు మూసింది. తిరిగి పెట్టమన్నాను, అరిచింది. షెడ్డులో ఉన్నవాళ్లంతా పని ఆపి చుట్టూ చేరారు. యజమాని ఏమీ అనలేదు. కాటా వేసిన రోజుల్లోనే అని ఆయన మొదటి రోజే చెప్పారు కదా.

వేదిక పక్కకు జరిపితే చట్రం కాలు ఆనే చోట ఒక అతుకు కనిపించింది. తీగ పొడవు చాలక ఎవరో మధ్యలో కోసి మరో ముక్క కలిపారు. నల్ల టేపు చుట్ట జిగురు కారి, మట్టీ పీచూ పట్టుకుని వేలెడంత లావైంది. కత్తి మొనతో విప్పాను. లోపల నాలుగు మెలికలు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు, నాలుగూ పక్కపక్కనే ఒకే వరుసలో ఉన్నాయి. వాటి మధ్య విడిగా టేపు ముక్క కూడా లేదు. కొబ్బరి నీళ్లు ఊరి రాగి పచ్చని చిలుము పట్టింది. ఎరుపు మెలికలోని ఒక రాగి వెంట్రుక టేపును పొడుచుకుని నలుపు మీదకు ఒరిగి ఉంది. మామూలుగా ఒక్కొక్క బస్తాగా తూస్తే చట్రం అంత కుంగదు. పైన రెండో బస్తా పడితే ఆ వెంట్రుక వెళ్లి నలుపును తాకుతుంది. ఆ అతుకు ఎవరు వేశారని అడిగితే ప్రతివాళ్లూ రేకుల వైపు చూశారు.

అప్పుడు ఆ అమ్మాయి అంది. "ఒకటి రెండుసార్లు బస్తాలు పేర్చుతుండగానే ఆరిపోయిందండీ. కరెంటు పోయిందనుకున్నాం, గదిలో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది."

బోర్డుకు ఫ్యూజు ఉండదా అని మీరు అడగవచ్చు. ఉంది. యూఎస్‌బీ రంధ్రాలకు వెళ్లే దారిలో, వేడెక్కితే అడ్డుపడి చల్లారాక మళ్లీ దారిచ్చే రకం ఫ్యూజు ఉంటుంది. కానీ అది వేడెక్కాలంటే కొంతసేపు గట్టి కరెంటు పారాలి. ఈ బోర్డులో ఆ రంధ్రాలకు కరెంటు స్టాండ్‌బై నుంచే పోతోంది, కీబోర్డు నొక్కి యంత్రాన్ని లేపుకునే వీలు కోసం చేసిన ఏర్పాటు అది. స్టాండ్‌బై భాగం చిన్నది, రెండు ఆంపియర్ల స్థాయి మోతకే పుట్టింది. షార్టు తగలగానే ఫ్యూజు వేడెక్కే లోపే తానే చేతులెత్తేసింది. కాసేపటికి మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ చేతులెత్తేసింది. నేను విన్న టిక్కు టిక్కు అదే, దీపం మినుకూ అదే. యంత్రం నడుస్తూ ఉంటే కొన్ని బోర్డులు యూఎస్‌బీ మీద బరువు ఎక్కువైందని తెర మీద రాసి 15 సెకన్లలో ఆపేస్తాయి. ఇక్కడ రాయడానికి మెలకువ ఉండాలి కదా.

మరి నా దగ్గరకు వచ్చినప్పుడల్లా ఎందుకు లేచింది? పెట్టెను గోనెసంచిలో పెట్టే ముందు వాళ్లు తీగలన్నీ పీకారు. జబ్బు అంబాజీపేటలో కాటా కింద ఉండిపోయింది, రోగి ఒక్కడే అమలాపురం వచ్చాడు. నా రబ్బరు ముక్కకూ, కొత్త ఎస్‌ఎంపీఎస్‌కూ దక్కిన ఘనత ఆ ఆటో ప్రయాణానిది.

మరమ్మతు సంగతి తొందరగా చెప్పేస్తాను. కొత్త యూఎస్‌బీ తీగ అదే దారిలో వేస్తే అదే కథ మళ్లీ జరుగుతుంది. పైగా ఈ రకం యూఎస్‌బీ తీగకు 5 మీటర్లు హద్దు, అక్కడ దూరం అంతకన్నా ఎక్కువ. కాటా నుంచి వచ్చేది నిజానికి సీరియల్ తీగ, దాన్ని యూఎస్‌బీగా మార్చే చిన్న డబ్బా కాటా పక్కనే ఉంది. ఆ డబ్బాను కంప్యూటర్ పక్కకు తెచ్చి, పొడవు భారమంతా సీరియల్ తీగకే అప్పగించాను. అది 15 మీటర్లు సునాయాసంగా పోతుంది. దానిలో కంప్యూటర్ నుంచి వచ్చే 5 వోల్టుల తీగ లేదు కనుక, రేపు ఎవరైనా దాన్ని తొక్కి నలిపినా తూకం ఆగుతుంది గానీ యంత్రం ఆగదు. తీగను నేల మీద కాకుండా పీవీసీ గొట్టంలో గోడ మీదుగా, తల ఎత్తున తీసుకెళ్లాను. మధ్యలో అతుకు లేదు.

ఎర్తు కోసం వాళ్ల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. షెడ్డు వెనుక పాత పైపు చూస్తే, తీగ బిగించిన మెడ దగ్గర తుప్పు తినేసి చేత్తో ఊపితే ఊడి వచ్చింది. చేయి లోతులో నీళ్లుండే నేల మనది, ఎర్తు తేలిగ్గా దొరుకుతుంది, తుప్పు కూడా అంతే తేలిగ్గా దొరుకుతుంది. కొత్త జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు పోసి, తీగను సాకెట్టు దాకా లాగాడు. ఇప్పుడు న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 1.6 వోల్టులు. టెస్టరు పెట్టె మీద వెలగడం మానేసింది.

డబ్బు లెక్క కూడా రాయాలి. మొదటిసారి తీసుకున్న 300లో బిళ్ల ఖరీదు మినహాయించి మిగతాది తిరిగి ఇచ్చాను. ఎస్‌ఎంపీఎస్ విషయంలో కాసేపు తటపటాయించాను. పాతదాన్ని ఆ సాయంత్రం దుకాణంలో ఊదా తీగ మీద ఒక ఆంపియరు బరువు పెట్టి చూశాను. 4.79 కాస్తా 4.5కు జారింది. హద్దు దాటినట్టే, మార్చడం అన్యాయం కాదు. కానీ మార్చమని ఆయన అడగలేదు, నేను చెప్పిన కారణమూ నిజం కాదు. కొన్న ధరకే ఇచ్చినట్టు లెక్క కట్టి, నా లాభం వెనక్కి ఇచ్చాను. "వెళ్లి వచ్చిన పెట్రోలైనా ఉంచుకో బాబూ" అన్నారాయన. ఉంచుకున్నాను.

నెల తిరిగాక అటుగా వెళ్తూ ఆగాను. ఎండ బాగా ఉంది, కాటా మీద ఐదు బస్తాలు ఉన్నాయి. మూత తీసి ఊదా తీగ చూశాను, 5.07. ఆ అమ్మాయి బిల్లు తీస్తోంది. వేదిక కిందకు వంగి చూశాను. పీచు ఉంది, నాలుగు చీమలు ఉన్నాయి, తీగ లేదు.